రెండు వేళ్ల ఎత్తు

హైదరాబాద్‌ గ్యారేజీల్లో చాలా ఏళ్లు పనిచేసి, నడుము నొప్పితో తిరిగొచ్చి, గద్వాలలో చిన్న షెడ్డు పెట్టుకున్నాడు జకరయ్య. ఆ రోజు వీరేశ్ కారుకు ఎత్తు మార్చుకునే కొత్త షాకబ్జర్లు బిగించాడు. బిగింపు పొద్దున్నే అయిపోయింది. ఎత్తు దగ్గరే తెగడం లేదు. కారు నేలను తాకినట్టు కనిపించాలని వీరేశ్ పట్టుదల. అతని భార్య పుష్పలతకు అది సుతరామూ ఇష్టం లేదు.

"గింత కిందికైతే మా గల్లీల బండి అడుగు తగుల్తది. నేను దిగి నడవాల్నా?" అందామె.

"పైకి లేపితే జీపు లెక్క ఉంటది," అన్నాడు వీరేశ్.

మాట మారినప్పుడల్లా జకరయ్య జాకీ ఎక్కించి, చక్రాలు విప్పి, స్ప్రింగు కింది రింగును పానాతో తిప్పాడు. వాళ్లు మళ్లీ వాదులాటకు దిగేసరికి కారుకు తల ఆనించి కళ్లు మూసుకున్నాడు.

"అన్నా, నిద్రపోయినవా?" అన్నాడు వీరేశ్.

"లేదు తమ్మి. మీరిద్దరు ఒక్క మాట మీదికి రాండి. మళ్ల విప్పే ఓపిక లేదు నాకు."

పుష్పలత అతని ముఖం చూసింది. "రెండు వేళ్లంత లేపు అన్నా, సాలు," అంది. వీరేశ్ కూడా సరేనని తలూపాడు.

జకరయ్య రింగులు తిప్పి, బండిని దించి, స్ప్రింగులు సర్దుకునేలా కొంత దూరం నడిపాడు. ఇద్దరినీ లోపల కూర్చోబెట్టి నాలుగు చక్రాల దగ్గరా టేపుతో కొలిచాడు. సరిపోయింది.

వాళ్లు వెళ్లాక జకరయ్య షెడ్డులోనే కింద కూలబడ్డాడు. ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. "అన్నం తిన్నవా?" అడిగింది భార్య రూతమ్మ.

"తింట," అన్నాడు జకరయ్య. కానీ చేతులు కడుక్కోవడానికి లేవలేకపోయాడు.