లేని మూటకు పెట్టిన దండం

ఆ రోజుల్లో నందికొట్కూరులో మా ఇంటికి ఏ కబురైనా వదిన నోటిమీదుగానే వచ్చేది. ఈ కబురూ ఆమే తెచ్చింది. కర్నూల్లో ఎవరో గోడౌన్లలో మూటలెత్తే బండి నడపడం నేర్పి ఉద్యోగమిస్తారట, సర్టిఫికెట్లు అడగరట, కళ్లకు డబ్బా ఒకటి కట్టి పరీక్ష పెడతారట. నేను బడికి పోయినదాన్ని కాను, నాయన దగ్గర ఇంట్లోనే చదువుకున్నా. (చదువు బాగానే వచ్చింది, చదివినట్టు కాగితమే రాలేదు.) అందుకే పని అడిగిన చోటల్లా వద్దనేవారు. ఇదొక్కటే దారి కనబడింది. మల్లన్నకు మొక్కుకుని, వదినను తోడు తీసుకుని బస్సెక్కాను.

పరీక్ష పెట్టేది ఒక కడప సారు. నన్ను కుర్చీలో కూచోబెట్టి, చేతికి స్టీరింగు ఇచ్చి, కళ్లకు డబ్బా తగిలించారు. అంతే, గది మాయమై బియ్యం మూటల గోడౌను ప్రత్యక్షమైంది. కిందికి చూస్తే కాళ్లు (నావి కావు, బూట్లేసుకున్న ఎవరో మగమనిషివి). నేను చూసేదంతా గోడమీది టీవీలోనూ, హైదరాబాదులో కూచున్న కంపెనీ ఆయనకూ కనబడుతుందని, ఆయన మాటలు ఆ టీవీలోంచే వినబడతాయని సారు ముందే చెప్పారు. దేవుడి దయవల్ల బండి బాగానే పోతోంది. ఇంతలో ఒక మలుపులో పక్క వరసలోంచి మూట జారి దబ్బున నా బూటుమీద పడింది. బియ్యానికి కాలు తగిలితే మనమేం చేస్తాం? బండి ఆపి, తాళం తిప్పి, దిగి, వంగి, మూటను తాకి కళ్లకద్దుకోబోయాను. తాకడానికి మూట ఉంటే కదా! బోర్లా పోయి సారు చేతిలోని టీగ్లాసుమీద పడ్డాను.

"ఏమే, యాడ మొక్కుతాండావే? ఆడ ఉత్త గచ్చు ఉండాది!" అని వదిన అరిచింది. పరీక్షకొచ్చి వరసలో కూచున్నవాళ్లు పడీపడీ నవ్వారు.

సారు టీ ఒలికిన చొక్కా దులుపుకుంటూ, "ఏమైందమ్మా, యాడికి దిగితివి?" అన్నారు.

"బియ్యం సార్. కాలు తగిలింది."

టీవీలోంచి కంపెనీ ఆయన నవ్వు, ఆ వెనకే మాట: "ఈ అమ్మాయి వద్దులెండి, తర్వాతవాళ్లను కూర్చోబెట్టండి." నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

సారు కదల్లేదు. "నవ్వుకుందురు గానీ సార్, పొద్దున్నుంచి అందరికీ అదే మూట పడింది. ఆపినోళ్లు యాడుండారు? అందరూ తొక్కుకుంటా పోయినారు. ఆడ మూట కాకుండా మనిషి పడింటే?"

టీవీలోంచి కంపెనీ ఆయన మాట మార్చారు: "సరే, తీసుకోండి. దండాలు మాత్రం తగ్గించుకోమనండి."

"తగ్గించుకుంటాది సామీ, నేను చెప్తా!" అంటూ మా వదిన టీవీకి రెండు చేతులెత్తి దండం పెట్టింది.

ఇప్పుడు కర్నూల్లో తెరముందు కూచుని కడప గోడౌన్లో బండి నడుపుతున్నా. ఇక్కడ నా చెయ్యి కదిలితే అక్కడ మూట లేస్తుంది. తినే ప్రతి ముద్దా ఆ పనిదే, ఆ దేవుడిదే. లేని మూటకు వంగిన ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా. కంటికి కనబడినదాన్ని అంత గట్టిగా నమ్మడం ఇప్పుడు నాకు చేతకాదు. కడప సారు ఆ కొలువు మాని ఎటు పోయారో తెలియలేదు. మీరు సాయంత్రం దీపం పెట్టేటప్పుడు, పేరు తెలియకపోయినా సరే, తడిసిన చొక్కాతోనే నా తరఫున మాట్లాడిన ఆ మనిషిని ఒక్కసారి తలుచుకోండి.