సున్నం మీద బూటు గుర్తు

ఉదయం ఆరున్నరకు బాగేపల్లిలో చిక్కబళ్ళాపురం బస్సెక్కాను. 2007లో, వానలు సరిగా పడని రోజుల్లో ఒక ఆదివారం. సంచిలో నీళ్ళ సీసా, ఒక కవరులో రెండు ఫొటో ప్రింట్లు ఉన్నాయి. కెమెరా ఇంట్లోనే వదిలేశాను.

ఎందుకు బయలుదేరానో ముందే చెబుతాను. మాది ఇనుప సామాన్ల అంగడి. ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో ఒక పాత డిజిటల్ కెమెరా కొని ఫొటోలు నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఆదివారాలు చిక్కబళ్ళాపురం నెట్ సెంటర్లో కూర్చుని, ఫొటోను ఎనిమిది వందల పిక్సెళ్ళకు కుదించి, నేర్చుకునేవాళ్ళ సైటులో పెట్టి, ఎవరేమంటారా అని ఎదురుచూసేవాణ్ణి. మూడు నెలల కిందట బట్లహళ్ళి దగ్గరి పల్లెలో నారాయణమ్మ అనే ఆవిడ పట్టుపురుగులకు ఆకు వేస్తున్న ఫొటో పెట్టాను. ఆమె చేతుల మీద కిటికీ వెలుగు బాగా పడిందన్నారు. కింద గడప దగ్గరి తెల్ల మరక మాత్రం కంటికి అడ్డమొస్తోంది, కత్తిరించమన్నారు. కత్తిరించి మళ్ళీ పెట్టాను. అందరూ మెచ్చుకున్నారు.

రెండు వారాల కిందట శిడ్లఘట్ట వైపు ఆయనొకరు దాని కింద రాశారు. మొదటి ఫొటోలో ఉన్నది మరక కాదట, సున్నప్పొడి. అందులో బూటు గుర్తుందట. చివర ఒక ప్రశ్న అడిగారు: "ఆ పంట ఏమైంది?"

ఆ బూటు నాది. పురుగుల ఇంట్లోకి రోగం రాకుండా గడపలో సున్నం చల్లుతారు, పక్కన మందునీళ్ళలో తడిపిన గోనెపట్ట పరుస్తారు. చెప్పులు విడిచి, పట్ట మీద కాళ్ళు అద్దుకునే లోపలికి పోవాలి. నారాయణమ్మ ఆ మాట చెప్పింది. వెలుగు పోతుంది, ఒక్క నిమిషం అంటూ బూట్లతోనే లోపలికి నడిచాను. బయటికి వచ్చి వాకిట్లోంచి ఇంకొకటి తీశాను. సైటులో పెట్టింది అదే.

ఎనిమిదింటికి చిక్కబళ్ళాపురంలో దిగి, బస్టాండు ఎదుట నాలుగు ఇడ్లీలు తిని చింతామణి బస్సెక్కాను. సీటు విరిగి ఒక పక్కకు ఒరిగింది. శిడ్లఘట్టలో పట్టుగూళ్ళు అమ్ముకుని, ఖాళీ గోతాలు చంకన పెట్టుకున్న ఒక రైతు అక్కడ ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. బయటివాళ్ళ బూట్లతో పురుగులకు రోగం వస్తుందా అని అడిగాను.

"వస్తాది, రాకనూ పోతాది. తడి ఆకు ఏసినా వస్తాది," అన్నాడు. "అయినా పంట పోతే ఎవురినో ఒకర్ని అనాల కదప్పా. ఇంట్లో ఆడోళ్ళు ఉండారు కదా, వాళ్ళనంటారు." తర్వాత నాదేం పని అని అడిగి, ఇనుమంటే అదృష్టమన్నాడు. "తుప్పు పడితే గీకి అమ్మేయొచ్చు."

నవ్వలేకపోయాను. చింతామణిలో బట్లహళ్ళి బస్సు కోసం గంటకు పైగా నిలబడ్డాను. దిగాక రెండు మైళ్ళు నడక. నారాయణమ్మ వాళ్ళ ఇల్లు చేరేసరికి పన్నెండు దాటింది, కాళ్ళు పీకుతున్నాయి.

నారాయణమ్మ వాకిట్లో కూర్చుని మల్బరీ ఆకు తరుగుతోంది. నన్ను చూసి తల దించుకుంది. అరుగు మీదున్న ఆమె అత్తగారు గుర్తుపట్టి మజ్జిగ ఇచ్చింది. అడక్కముందే పంట సంగతి చెప్పింది. నేను వచ్చిపోయిన వారానికి పురుగులన్నీ తెల్లబడి బిగుసుకుపోయాయట, గుంట తీసి పూడ్చారట.

"దూరం ఉండాల్సిన దినాల్లో ఇది లోపలికి పోయింది. అందుకే పోయింది పంట," అంది కోడలి వైపు చూపించి. "కొత్త పంట పెట్టినాము. దీన్ని గడప దాటనియ్యలే."

ఇప్పుడు సిగ్గుతో రాస్తున్నాను. ఆ మాట విన్నాక కూడా నేను కవరులోంచి తీసింది కత్తిరించిన ప్రింటునే. ఇచ్చేసి, మజ్జిగ తాగి లేచిపోదామనుకున్నాను. నారాయణమ్మ దాన్ని అందుకుని, అడుగు అంచు మీద వేలు పెట్టింది.

"ఈడ గడప ఉండాల కదప్పా. యాడికి పోయింది?"

రెండో ప్రింటు తీశాను. పంట పోవడానికి అదే కారణమో కాదో నాకు తెలియదు కానీ ఆ గుర్తు నా బూటుదేనని అత్తగారికి చెప్పాను. ఆమె ప్రింటు చూసింది, నా కాళ్ళ వైపు చూసింది.

"ఇది చెప్పలేదా నీకు?"

"చెప్పిందమ్మా. నేనే వినలేదు."

"నాకూ చెప్పింది," అంది ముసలావిడ. "చదువుకున్న మనిషి అట్ల చేస్తాడా అని దీన్నే తిట్టినా."

నారాయణమ్మ మళ్ళీ కత్తి అందుకుంది. "నా నోటి మాటకు ఫొటో కావాల్సొచ్చింది చూడత్తా," అంది.

అత్తగారు అరుగు దిగింది. తరిగిన ఆకు బుట్టలోకి ఎత్తి కోడలి ముందుకు జరిపింది. "పో, మేత వేళయింది."

నారాయణమ్మ తడి పట్ట మీద కాళ్ళు అద్దుకుని లోపలికి పోయింది. నేను వాకిట్లోనే నిలబడ్డాను. పోయిన పంటకు ఏమైనా ఇస్తానంటే అత్తగారు వద్దని చెయ్యి ఊపింది. లోపల్నుంచి నారాయణమ్మ గొంతు వినబడింది.

"ఆ కంప్యూటర్లోనూ గడప ఉండేదే పెట్టప్పా."

సాయంత్రం ఐదున్నరకు చిక్కబళ్ళాపురం నెట్ సెంటర్లో, కత్తిరించిన ఫొటో తీసేసి మొదటిది మళ్ళీ పెట్టాను. కింద జరిగిందంతా రాశాను. బాగేపల్లి బస్సుకు ఇంకా టైముందని కూర్చుంటే ఒక అభిప్రాయం వచ్చింది. కథ బాగుందట, కింది తెల్ల మరక కత్తిరిస్తే ఫొటో ఇంకా బాగుంటుందట. కంప్యూటరు కట్టేసి లేచాను.

ఇంటికి పోయే బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. నంది కొండల మీద మంచి వెలుగుంది. ఒళ్ళు అలిసి, చూస్తూ ఉండిపోయాను. గడప ఉన్న ప్రింటు అత్తగారు దేవుడి పటాల పక్కన పెట్టుకుంది. అందరూ మెచ్చిన, కత్తిరించిన ప్రింటు ఆ ఇంట్లో ఎవరూ ఉంచుకోలేదు. కవరులోనే నాతో వెనక్కి వస్తోంది.