లావణ్య కారు స్పీకర్లు పాడుచేసింది సూరిబాబు కాదు, నేను

నిన్న పొద్దున్న నా అంత సంతోషంగా ఉన్న తండ్రి ఈ జిల్లాలో ఇంకొకడు ఉండడు.

మా అమ్మాయి లావణ్య మొదటిసారి హైవే మీద కారు నడుపుతోంది. పక్క సీట్లో నేను. నలభై ఏళ్ళు చేపల వ్యానులో ట్రేల మీద కూర్చుని తిరిగినవాణ్ణి. బెల్టు పెట్టుకుని, అద్దం దించి, దారిన పోయేవాళ్ళందరికీ చెయ్యి ఊపుతున్నాను.

"నాన్నా, సెయ్యి లోపలెట్టు!" అని అది ఒకటే నవ్వు.

అప్పుడే ఫోన్ వచ్చింది. బ్లూటూత్ కదా, కారు నాలుగు తలుపుల్లోంచీ మోగింది.

"అన్నయ్యా... మీ బావ పోనారు."

సూరిబాబు భార్య పార్వతి గొంతు.

లావణ్య కారు పక్కకి ఆపేసింది. సూరిబాబు నిద్ర లేచి టీ అడిగాడట. పార్వతి తెచ్చేలోపు గుండె ఆగిపోయింది.

తెలియనివాళ్ళ కోసం రాస్తున్నాను. సూరిబాబు మా భావనపాడు వాడే. నాకు వరసకి బావ. వయసులో ఉన్నప్పుడు సముద్రంలో చేపల వేటకి వెళ్తే పడవలో వాంతులు. ఊరంతా నవ్వాం. వాడు నవ్వించుకుని ఊరుకోలేదు. రాజాం పోయి, కార్లకి స్పీకర్లు బిగించే పని నేర్చి, సొంతంగా షాపు పెట్టుకున్నాడు.

లావణ్య తన జీతంతో కారు కొన్నప్పుడు నేను ఆగలేకపోయాను. కంపెనీ స్పీకర్లు ఏం బాగుంటాయి, నా కూతురి కారులో సౌండ్ అదిరిపోవాలి అని డ్రైవర్ని పెట్టి రాజాం లాక్కెళ్ళాను.

ఆ పని మీరు చూడాల్సింది.

తలుపు అట్టని ఒక్క గీత పడకుండా ఊడదీశాడు. లోపల కంపెనీ వాడి స్పీకరు, కాగితంతో చేసింది, తేలిగ్గా ఉంది. కొత్తది చేతిలో పెడితే రాయిలా బరువు. ఒక పెన్సిల్ సెల్ తీసి తీగలకి తాకిస్తే స్పీకరు మధ్యభాగం టక్కున కదిలింది.

"సూడు బావా, ఇది ముందుకొచ్చింది కదా. ఇటే కరెక్టు. ఒక్క తలుపుకి తీగలు తిరగబడినా పాట పీలగా అయిపోతాది."

నాలుగు తలుపులకీ అలాగే. పాత స్పీకర్లు పేపర్లో చుట్టి, పైన లావణ్య పేరు రాసి ఇచ్చాడు. "పారీకండి, పనికొస్తాయి" అన్నాడు.

చివర్లో మమ్మల్ని కారులో కూర్చోబెట్టి అద్దాలు ఎత్తించాడు. తను రోడ్డు అవతలికి వెళ్ళి ఫోన్ చేశాడు.

"బావా, వినపడతన్నానా?"

వాడు నా ఒళ్ళో కూర్చుని మాట్లాడినట్టుంది! నేను చప్పట్లు కొట్టాను. నిజంగా కొట్టాను.

ఇక ఇప్పుడు నేను చేసిన పని.

మూడోరోజు కారులో బీచ్ ఇసుక చేరింది. లావణ్య ఆఫీసుకి బస్సులో వెళ్ళింది. మురిపెం కొద్దీ కారు కడుగుదామనుకున్నాను. నాకు బండి కడగడం అంటే ఒకటే తెలుసు. చేపల వ్యాను కడిగినట్టు నాలుగు తలుపులూ తీసి, లోపలికి పైపు పెట్టేశాను. తలుపులకి ఉన్న స్పీకరు జాలీల మీద కూడా కొట్టాను. మా వీధి బోరు నీళ్ళు ఉప్పు కషాయం. సాయంత్రానికి ఎండలో ఆరిపోయింది. మర్చిపోయాను.

వారానికి స్పీకర్లు బరబరమన్నాయి.

వాడికి ఒక్క ఫోన్ చెయ్యలేదు. ఇదే ఫేస్‌బుక్‌లో పెట్టాను. "సూరిబాబు డూప్లికేట్ స్పీకర్లు అంటగట్టాడు, సొంతవాళ్ళనే మోసం చేశాడు" అని. ఫోటోతో సహా.

మీరందరూ షేర్ చేశారు. "నాక్కూడా అలాగే చేశాడు" అని రాసిన వాళ్ళలో కారు లేనివాళ్ళు కూడా ఉన్నారు. నిన్నటి నుంచి వాడి ఫోటో కింద మీరే దండాలు పెడుతున్నారు. పెట్టండి.

మర్నాడే వాడు రాజాం నుంచి బస్సెక్కి వచ్చాడు. తలుపు ఊడదీశాడు. స్పీకరు చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుంది, ఇనుమంతా తుప్పు.

"ఎవులు కడిగినారు?" అన్నాడు.

పక్కన లావణ్య ఉంది. నేను నేల చూశాను.

వాడు నన్ను ఒక్కసారి చూసి, లావణ్యతో, "ఉప్పు గాలమ్మా. సముద్రం దగ్గర ఇలగే అవుతాది" అన్నాడు. కంపెనీ స్పీకర్లు మళ్ళీ బిగించి, పాడైనవి బాగుచేసి తెస్తానని సంచిలో వేసుకున్నాడు.

బస్సు దగ్గర మాత్రం అడిగాడు.

"ఏటి బావా, కారనుకున్నావా, సేపల బండి అనుకున్నావా?" అని నవ్వి, తర్వాత నవ్వు ఆపేశాడు. "నాకేటీ వద్దు గాని, అక్కడే ఒక్క ముక్క రాసీ. రాజాం దాకా పాకిపోనాది."

"రేపు రాస్తాను" అన్నాను.

ఆరు వారాలయింది. ఏమని రాయను? కూతురి కారుని నేనే పాడుచేశానని ఎలా రాయను? సిగ్గేసింది. ఈలోగా లావణ్య పుట్టినరోజు ఫోటోలు పెట్టాను. కేక్ ఫోటోలు పెట్టాను. రోజూ గుడ్ మార్నింగ్ పెట్టాను. ఈ ఒక్క ముక్క రాయలేదు.

నిన్న వాళ్ళింటికి వెళ్తే పార్వతి నన్ను ఒక్క మాట అనలేదు. "కొత్త బండి ఒక్కటీ షాపు ముందర ఆగనేదు అన్నయ్యా" అంది. అంతే. తిట్టినా బాగుండేది.

వాడి బల్ల మీద మా స్పీకర్లు ఉన్నాయి. ఉప్పు గీకేసి, మూడింటికి మధ్యలో కొత్త పొర అతికించి ఉంది. నాలుగోది సగంలో ఉంది.

తిరిగొచ్చే దారిలో లావణ్యకి అంతా చెప్పేశాను. అది ఇల్లు చేరాక, "ఆ పాత పోస్ట్ తీసెయ్, నాన్నా" అంది.

తియ్యను. దాన్ని షేర్ చేసినవాళ్ళు దీన్ని కూడా చెయ్యండి. చూస్తాను ఎంతమంది చేస్తారో.

సూరిబాబు ఎవరినీ మోసం చెయ్యలేదు. మంచి సరుకు పెట్టాడు. మంచి పని చేశాడు. పాడుచేసింది నేను.

రాశాను బావా.

నీకు శాంతి దక్కాలి. నాకొద్దు.