కాదమ్మ గారింట నీళ్ల కాన్పు

ఎదుటివాళ్లు ఏమన్నా సరే ముందు "కాదు" అనేసి, ఆ తర్వాత వాళ్లన్నదేమిటో అడిగి తెలుసుకునే మనిషి ఆవిడ. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఏదో ఒకటి ఉండే ఉంటుంది గానీ, వీధి మొత్తానికి ఆవిడ కాదమ్మ. ఆ పేరు పెట్టింది ఎదురింటి టైలరమ్మ. "వదినా, నీకు కాదమ్మ అని పేరు పెట్టాను" అని మొహం మీదే చెబితే, "కాదు" అందట ఈవిడ. దాంతో పేరు ఖాయమైపోయింది.

కోడలికి ఈ సంగతి పెళ్లయ్యాకే తెలిసింది. అసలు ఆ పెళ్లి జరిగిందే దానివల్ల. ఆమె ఈతకొలనులో పిల్లలకూ పెద్దలకూ ఈత నేర్పే పంతులమ్మ. కాదమ్మ కొడుకు కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాడు. ఒకరంటే ఒకరికి ఇష్టం కుదిరాక, అతను ఒక సాయంత్రం ఇంటికెళ్లి నిట్టూర్చాడు.

"అమ్మా, ఒక అమ్మాయి ఉంది. ఈత నేర్పుతుంది. ఆ అమ్మాయికీ నాకూ చచ్చినా కుదరదు."

"ఎందుకు కుదరదురా? నీకేం తక్కువ? ఆ పిల్లకేం తక్కువ? రేపే వెళ్లి మాట్లాడతాను!"

పెళ్లయ్యాక కోడలు ఈ కథ విని మొగుణ్ణి నిలదీసింది. "నేను నీకు కుదరనని చెప్పావా?"

"అలా చెప్పబట్టే కుదిరావు" అన్నాడతను.

ఆ ఇంట్లో మాటలన్నీ తిరగేసి తొడుక్కున్న చొక్కాల్లాంటివని కోడలికి తొందర్లోనే అర్థమైంది. మామగారు పొద్దున్నే పేపరు విప్పి, "ఇవాళ నాకు కాఫీ వద్దే" అనేవారు. "ఎందుకొద్దు? తాగాల్సిందే!" అంటూ కప్పు వచ్చి ఠంగున బల్ల మీద కూర్చునేది. ఇన్నేళ్లుగా అలా బతికీ బతికీ పాపం ఆయనకు సూటిగా అడగడం మరుపొచ్చేసింది. కిరాణా కొట్టుకెళ్లి "చక్కెర వద్దు" అని నిలబడేవారు. "మంచిదండీ" అనేవాడు కొట్టువాడు. ఆయన కదిలేవారు కారు. కాసేపు చూసి, పాత ఖాతాదారు గనక, కొట్టువాడే చక్కెర తూచి సంచిలో పోసేవాడు.

బస్సులోనూ ఇదే వరస. "పెద్దమ్మా, మీ స్టాపొచ్చింది" అంటాడు కండక్టరు. "కాదు" అంటుంది ఈవిడ. "రోజూ ఇక్కడే దిగుతారు కదండీ?" "దిగితే? ఇవాళా ఇక్కడే దిగాలని రాసుందా?" తర్వాతి స్టాపులో దిగి, కూరగాయల సంచీతో ఆయాసపడుతూ వెనక్కి నడిచొచ్చేది.

"ఎందుకత్తయ్యా ఈ నడక?" అనడిగితే, "డాక్టరు నడవమన్నాడు" అనేది.

"మొన్న ఆయన నడవమంటే కాదన్నారుగా?"

"అది మొన్న."

ఇలాంటి ఇంట్లో కోడలు నెల తప్పింది. తప్పిన కొన్నాళ్లకు ఆమె మనసులో ఒక కోరిక పుట్టింది. పుట్టి పెరిగిందంతా నీళ్లలోనే అన్నట్టుండే మనిషి కదా, బిడ్డనూ నీళ్లలోనే కనాలని, అదీ తన ఇంట్లోనే కనాలని. పడకగదిలో వెచ్చటి నీళ్ల తొట్టె పెట్టుకుని, దాంట్లో కూర్చుని. ఇలాంటి కాన్పులు చేయడంలో చెయ్యి తిరిగిన నర్సమ్మ ఒకావిడ దొరికింది. డాక్టరమ్మ అన్ని పరీక్షలూ చేసి, "బిడ్డ తల కిందికే ఉంది, నీ ఆరోగ్యం భేషుగ్గా ఉంది. ఏ కాస్త తేడా అనిపించినా వెంటనే ఆస్పత్రికి రావాలి. ఆ మాట మీద సరే" అంది. ఆస్పత్రి కూడా వీధి మలుపులోనే. ఇక మిగిలింది అత్తగారు.

మొగుడూ పెళ్లాలూ మామగారూ గుసగుసలాడి పథకం వేశారు. అందరికీ తెలిసిన పథకమే. భోజనాల దగ్గర కోడలు గొంతు సవరించుకుంది.

"అత్తయ్యా, నేను ఆస్పత్రిలోనే కంటాను. ఇంట్లో, నీళ్ల తొట్టెలో కనమని ఎవరైనా అన్నారో, ససేమిరా ఒప్పుకోను."

కాదమ్మ ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగింది.

"అవును. మంచి మాట అన్నావు."

మామగారి చేతిలో గ్లాసు పళ్లెంలో పడింది. కొడుకు నోరు తెరిచినవాడు మూయలేదు. ఆవిడ నోట "అవును" అనే మాట ఆ ఇంటి గోడలు అదే మొదటిసారి వినడం. కోడలు మాత్రం అత్తగారి చెయ్యి చూసింది. ఆ చెయ్యి కలిపిన అన్నాన్నే మళ్లీ మళ్లీ కలుపుతోంది. అయితే ఇది మొండితనం కాదు, భయం అనుకుంది. భయపడే మనిషి దగ్గర ఎత్తులు వేయకూడదనిపించి, ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"నాకు ఇంట్లోనే, నీళ్లలోనే కనాలనుందత్తయ్యా."

"కాదు! నీళ్లలో పడితే బిడ్డకు ఊపిరాడేదెట్లా?"

మర్నాడు నర్సమ్మే వచ్చి కూర్చోబెట్టి చెప్పింది. "ఇన్నాళ్లూ కడుపులో ఉన్నదీ నీళ్లలోనేగా అమ్మా? బొడ్డుతాడు ద్వారా అన్నీ అందుతుంటాయి. బయటికి తీసి గాలి తగిలాకే ఊపిరి పీలుస్తుంది. నేను వెంటనే పైకి తీయిస్తాను."

"అవి వేరే నీళ్లు" అంది కాదమ్మ. అక్కడితో చర్చ ముగిసింది.

ముగిసేదే గానీ, ఆ సాయంత్రం టైలరమ్మ మెడలో టేపు వేసుకుని గుమ్మంలోకొచ్చింది. "ఏం వదినా, మీ కోడలు నీళ్లలో కంటుందటగా? అదేమన్నా చేపా?"

కాదమ్మకు తల వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. "చేపైతే? చేపకున్న తెలివి నీకుందా? కడుపులో ఉన్నదీ నీళ్లే, తొట్టెలో ఉన్నదీ నీళ్లే! బొడ్డుతాడని ఒకటుంటుంది, విన్నావా ఎప్పుడన్నా?"

"అయ్యో, ఇంట్లో వద్దు వదినా..."

"ఇంట్లోనే! మా పడకగదిలోనే! పో, పోయి కాజాలు కుట్టుకో!"

లోపలికొచ్చి చూస్తే ముగ్గురూ నవ్వాపుకోలేక గోడకేసి తిరిగి ఉన్నారు. "నేనేం ఒప్పుకోలేదు. ఆవిడ వద్దంటోంది కాబట్టి కనక తప్పదు" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

అలా తొట్టె వచ్చింది. గాలి కొడితే ఉబ్బే నీలం రంగు తొట్టె. ఊదుతున్నప్పుడు "ఇది నిలబడదు" అంది. నిలబడింది. "నీళ్లు కారతాయి" అంది. కారలేదు. నీళ్ల వేడి చూసే మీటరును నర్సమ్మ చూపిస్తే, "అబద్ధం చెబుతోంది" అని మోచెయ్యి ముంచి చూసింది. మీటరు చెప్పిందే నిజమని తేలినా, "ఏదో గుడ్డిగా తగిలింది" అని కొట్టిపారేసింది.

నర్సమ్మ ఒకే ఒక్క షరతు పెట్టింది. "కనేటప్పుడు తల్లి మనసు ప్రశాంతంగా ఉండాలి. ఆ గదిలో 'కాదు' అన్న మాట వినపడకూడదు. మీ వల్లవుతుందా?"

"కాదు" అందామె అలవాటుగా.

"అయితే మీరు వంటింట్లో ఉండాలి."

కాదమ్మ కోడలి వంక చూసింది. ఎంతో కష్టం మీద, "సరే, నోరెత్తను" అంది.

నొప్పులు పొద్దున్నే మొదలయ్యాయి. తొట్టె సగం నిండేసరికి గీజరు ఠప్పుమని ఆగిపోయింది. స్విచ్చి నొక్కిన కొద్దీ చల్లటి నీళ్లే. కాదమ్మ చెప్పులైనా వేసుకోకుండా వీధి దాటి టైలరమ్మ తలుపు బాదింది.

"నీళ్లు కాచాలి. గీజరు పోయింది."

"కాన్పు వద్దన్నదాన్ని, నేనెందుకు కాస్తాను?"

"కాచొద్దులే. నీకు చేతకాదు."

"ఎవరికి చేతకాదు?" అంటూ టైలరమ్మ కుట్టు మిషను వదిలేసి లేచింది. ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ పొయ్యెక్కాయి. పక్కింటి పొయ్యి మీదా నీళ్లెక్కాయి. మామగారూ కొడుకూ పొగలు కక్కే గిన్నెలు పట్టుకుని వీధికి అటూ ఇటూ పరుగులు. స్కూటర్లవాళ్లు ఆగి దారిచ్చారు. కాసేపట్లో తొట్టె నిండింది.

కోడలు నీళ్లలోకి దిగగానే ఒంట్లో బరువంతా ఎవరో తీసి పక్కన పెట్టినట్టయింది. ఇది తనకు తెలిసిన చోటు. నొప్పి వచ్చినప్పుడు తొట్టె అంచు పట్టుకుని ఊపిరి వదిలేది, పోయినప్పుడు వెల్లకిలా తేలేది. కాదమ్మ ఒక మూల పీట మీద కూర్చుని, నోరు జారకుండా తువాలు నోట్లో కుక్కుకుంది.

మధ్యాహ్నం దాటాక మాత్రం నొప్పులు మీదపడ్డాయి. ఒకటి వదిలేలోపు ఇంకొకటి. కోడలు మొగుడి చొక్కా పట్టుకుంది.

"ఇంక నా వల్ల కాదు."

"అవును, పాపం" అన్నాడతను కళ్లనీళ్లతో. షరతు గుర్తుంది మరి.

"ఆస్పత్రికి పోదాం."

"పోదాం పోదాం" అని తాళాల కోసం తడుముకున్నాడు.

నర్సమ్మ బిడ్డ గుండె చప్పుడు విన్నది. "గుర్రం పరిగెత్తినట్టుంది తల్లీ. నువ్వూ బాగున్నావు, ఇక దగ్గరికొచ్చేశావు. అయినా వెళ్దామంటే ఇప్పుడే వెళ్దాం. నీ ఇష్టం" అంది మెత్తగా.

నిజానికి వెళ్లాలని లేదామెకు. కానీ అందరూ తన మాటే తనకు తిరిగి ఇస్తుంటే, ఆ మాటే నిజమనిపించసాగింది. తల వాల్చేసి మళ్లీ అంది. "నా వల్ల కాదు."

మూల నుంచి తువాలు ఎగిరి గది మధ్యలో పడింది.

"ఎందుకు కాదు?"

గది మొత్తం ఉలిక్కిపడింది. కాదమ్మ తొట్టె పక్కకొచ్చి మోకాళ్ల మీద కూలబడింది.

"నాకు చేతకాదత్తయ్యా!"

"అవుతుంది!"

"బలం లేదు!"

"ఉంది! మొన్న బీరువా ఒక్కదానివే జరిపావు, నేను వద్దంటుంటే!"

"చచ్చిపోతాను!"

"చావవు! గుర్రంలా ఉందని నర్సమ్మ చెప్పలా?"

"అది బిడ్డ గురించి!"

"నీ గురించి నేను చెబుతున్నా!"

"మీకేం తెలుసు?"

"నాకు కాక ఎవరికి తెలుసు?"

ఈతకొలనులో ఒక చివరికి చేరినవాళ్లు మళ్లీ దూసుకుపోవాలంటే గోడను రెండు కాళ్లతో బలంగా తన్నాలి. ఆ గోడ మెత్తగా ఉంటే కాలు ఆనదు, మనిషి కదలదు. ఈ పాఠం కోడలు ఎంతమందికి చెప్పిందో! పొద్దుటి నుంచీ ఆమె చుట్టూ ఉన్నవన్నీ మెత్తటి మాటలే. ఇప్పుడు గోడ దొరికింది. అత్తగారి చేతులు రెండూ పట్టుకుని, ఆ మొండి మొహంలోకి చూస్తూ, ఒంట్లో ఉన్న సత్తువంతా కూడగట్టుకుని తన్నింది.

నర్సమ్మ తన షరతును తనే నీళ్లలో కలిపేసింది. "ఆపకండమ్మా! ఇంకా అనండి!"

"రావట్లేదు!" "వస్తోంది!" "రాదు!" "ఎందుకు రాదు, మా మనవరాలికేం తక్కువ!"

"తల వచ్చింది" అంది నర్సమ్మ. "ఇక నీ చేతులతో నువ్వే అందుకో."

ఇంకొక్క తన్ను. నీళ్లలో ఒక నీడ జారింది. కోడలు రెండు చేతులూ ముంచి, ఈత నేర్చుకునే పిల్లల్ని ఎత్తినంత ఒడుపుగా, తన బిడ్డను పైకి ఎత్తి గుండెల మీద వేసుకుంది. గాలి తగలగానే బిడ్డ కేరుమంది. ఆ కేకకు వీధిలో గిన్నెలు కడుగుతున్న టైలరమ్మ గరిటెతో గిన్నె మీద బాదింది. స్కూటరువాళ్లు హారన్లు కొట్టారు. కోడలు జుట్టంతా తడిసి, మొహమంతా నవ్వై, "కన్నాను! నేనే కన్నాను!" అని అరిచింది. ఏ పోటీలో గెలిచినా ఆమె అంత గట్టిగా అరవలేదు.

ఆడపిల్లే. కాదమ్మ ముందే చెప్పింది కదా.

సాయంత్రం, తల్లీబిడ్డా పొడిబట్టల్లో మంచం ఎక్కాక టైలరమ్మ చూడవచ్చింది. కాదమ్మ వంటింట్లో ఉంది. బిడ్డ అరచేతిని వేలితో నిమురుతూ టైలరమ్మ గొంతు తగ్గించింది.

"మీ అత్త సంగతి నీకొకటి చెప్పాలి. మా ఆయన పోయాక నేను మిషను మీద గుడ్డ కప్పేశాను. 'నా పని అయిపోయింది వదినా' అన్నాను. చూడవచ్చినవాళ్లంతా అవునవునని తలలూపారు. ఈవిడొక్కతే 'కాలేదు' అని అరిచి, తన ఇంట్లో కర్టెన్లన్నీ పీకి తెచ్చి నా ఒళ్లో పడేసింది. బాగున్న కర్టెన్లే! మళ్లీ కుట్టేదాకా కదల్లేదు."

కోడలు నవ్వింది. "అయితే మరి రోజూ పోట్లాడతారెందుకు?"

"పోట్లాటా? నాకు దిగులుగా ఉన్నప్పుడల్లా వచ్చి ఏదో ఒకటి అంటాను. ఆవిడ కాదంటుంది. ప్రాణం లేచొస్తుంది, వెళ్లి కుట్టుకుంటాను. లేకపోతే నిన్ను చేపంటానా తల్లీ? ఆవిడ ఒప్పుకోవాలనే అన్నాను."

టైలరమ్మ వెళ్లిపోయాక కాదమ్మ వేడిపాలు తెచ్చింది. కోడలు ఆ చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టుకుంది.

"మీరే లేకపోతే నా వల్ల అయ్యేది కాదత్తయ్యా."

"ఎందుకయ్యేది కాదు? నేను లేకపోయినా నువ్వు కనేదానివే. చేసిందంతా నువ్వు. నేను ఊరికే నోరు పారేసుకున్నాను."

"కాదు" అంది కోడలు.

కాదమ్మ నోరు తెరిచింది. తెరిచిన నోరు మూసుకుని, మనవరాలి మీద దుప్పటి సర్దింది. తలుపు దగ్గర నిలబడ్డ మామగారు ఆనందం పట్టలేక, ఎన్నేళ్లకో సూటిగా, "నాకూ కాస్త పాలు కావాలే" అనేశారు.

"ఇస్తానుండండి" అంది కాదమ్మ మనవరాలి మీంచి కళ్లు తిప్పకుండానే.