మా అవ్వ దంచిన చాయ్ పొడి

మొన్న గీ చలిల కండ్లు చూపిచ్చుకుందామని జగిత్యాలకు పోతే, బస్టాండు ఎదురుంగ కొత్తగ పెట్టిన చాయ్ హోటల్ మీద "మా నానమ్మ చేతి మసాలా చాయ్" అని పెద్ద బోర్డు, పక్కన నెత్తిమీద కొంగుతోని ఒక ముసలామె ఫొటో కనవడ్డయి. చూసుడుతోనే గుర్తువట్టిన. ఆమె మా ఊరి పటేలమ్మ. పైసల గల్లపెట్టె కాడ కూసున్నది ఆమె మనుమడు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆమె చేతి చాయ్ అట! గా పొడి దంచింది నన్ను కన్న మా అవ్వ. శొంఠి, మిరియాలు, యాలకులు, లవంగాలు అందరేసేటియే గని, ఎర్రగ ఏంచిన వాము గుప్పెడు కలుపుడు మా ఊర్ల మా అవ్వ ఒక్కదానికే ఎరుక. చలికాలమంత పొద్దుగాల్నే పటేలోళ్ల వాకిట్ల రోట్లె, పటేలమ్మ కండ్ల ముంగటనే దంచేది, నేను పక్కన కూసొని జల్లెడ పట్టేదాన్ని. నా ఈడోళ్లకు చెప్పే పనిలేదు, పొడి పొడిగ ఉన్నంతసేపు మా చెయ్యి మంచిదే, చాయ్ అయ్యిందంటె మాత్రం మేము ముట్టద్దు. కొట్టం సూరుల చెక్కిన మా సత్తు గిలాసలల్ల మీదికెల్లి పోసేటోళ్లు.

ఒకనాడు పటేలమ్మ చక్కెర కోసం లోపలికి పోయింది, వాకిట్ల పొయ్యిమీద చాయ్ పొంగింది. అయ్యో, పాలన్ని పొయ్యిల పోతయని మా అవ్వ ఉరికి, కొంగుతోని పట్టి గిన్నె దించింది. గంతే! పటేలమ్మ అచ్చి చూసి, గిన్నెడు చాయ్ తీస్కపోయి పెంటకుప్ప మీద పారబోసింది. గవే చేతులు దంచిన పొడిని మాత్రం డబ్బల పోసుకొని మూత పెట్టుకున్నది. ఎంత అన్యాయం! మా అవ్వ కాలిన వేళ్లు కొంగుల దాసుకొని మళ్ల రోకలి పట్టింది. ఎందుకు ఊకున్నవే అని నేను ఏడిస్తే నన్నే కసిరింది.

మొన్న గా హోటల్ల ఒక చాయ్ తాగిన. వాము వాసన తగులంగనే కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఆగలేక అనేసిన, "కొడుకా, గీ పొడి మీ నానమ్మది కాదు, మా అవ్వది."

"అట్లనా పెద్దమ్మా, మంచిగున్నదా మరి?" అని నవ్వి, పక్కోనికి గిలాస అందిచ్చిండు.

ఏం మారలేదంటె అబద్ధమైతది. పటేలమ్మ మనుమడు గిలాస నా చేతికే ఇచ్చిండు, వేళ్లు తగిలినా ఏమనుకోలే. మా అవ్వ ఉంటె గా ఒక్కదానికే మురిసిపోతుండె. నాకు మాత్రం అది సరిపోలేదు. దంచిన మనిషి పేరు ఎక్కడ లేదు, పారబోసిన మనిషి బోర్డు మీద నవ్వుతున్నది.