ఇంకో గుర్రం పడుతుంది

గుర్రాల బాబాయికి ఏ యంత్రాన్ని చూసినా నోట్లోంచి ఒక్కటే మాట వస్తుంది: "దీనికి ఇంకో గుర్రం పడుతుంది." ఇంజను బలాన్ని గుర్రాల లెక్కన కొలుస్తారు కదా, ఆ గుర్రం. దేవుడు లోకాన్ని చేసి, ఇక చాల్లే అనుకుని చేతులు దులుపుకునేటప్పుడు బాబాయి పక్కన లేకపోవడం మన అదృష్టం. ఉండి ఉంటే దులుపుకోనిచ్చేవాడు కాదు. చంద్రుడికి ఒక గుర్రం, నత్తకి నాలుగు గుర్రాలు అదనంగా కట్టించేవాడు.

ఆయన నాకు వరసకి బాబాయి కాదు. మా ఆరోగ్య కేంద్రంలో కాంపౌండరు. డాక్టరుగారి నుంచి గదులు ఊడ్చే ఆవిడ దాకా అందరూ బాబాయంటుంటే, నర్సుగా చేరిన రోజు నుంచి నేనూ అన్నాను. చేరిన రోజే ఆయన గొప్పతనం కూడా చూశాను. రోగులు కూర్చునే గదిలో ఫ్యాను నీరసంగా తిరుగుతోందని ఎవరో అన్నారట. ఆదివారం కూర్చుని దానికేదో పెద్ద మోటారు బిగించాడు. సోమవారం పొద్దున స్విచ్చి వేయగానే రోగుల చేతుల్లో ఒక్క చీటీ మిగల్లేదు. ఒక పెద్దాయన విగ్గు లేచి, గది దాటి, మందుల కిటికీలోంచి వచ్చి బాబాయి ముందు పడింది.

"పవరంటే అదీ!" అన్నాడు బాబాయి, విగ్గు దులిపి తిరిగిస్తూ.

"నా పరువు పోయిందండీ!"

"పిన్ను పెట్టుకోండి. మూడు పూటలా, భోజనం తరవాత."

ఇంట్లో పిన్ని పరిస్థితి ఇంకా ఘోరం. మిక్సీకి మోటారు మార్చిన వారం వాళ్ళు టమాటాలను ఇంటి కప్పు మీంచి గీక్కుని తిన్నారు. కుట్టుమిషనుకి గుర్రం తగిలిస్తే అది చొక్కా చేతుల్ని చొక్కా జేబులకి కుట్టేసింది. "మా ఆయన చేతికి టార్చిలైటు ఇవ్వకండమ్మా, సూర్యుణ్ణి చేసి తెస్తారు. ఆ తరవాత కరెంటు పోయినా చీకటి పడదు, నేను నిద్రపోయేదెట్లా?" అనేది పిన్ని.

ఇక బండి సంగతి. కొండమీద ఒక పల్లె ఉంది. వారానికోసారి అక్కడికి వెళ్ళి పిల్లలకి సూదులు వేయడానికి, గర్భిణీలను చూడడానికి మా కేంద్రానికో మోటారు సైకిలు ఇచ్చారు. రాళ్ళదారుల కోసం చేసిన చిన్న బండి. గుబ్బల టైర్లు, ఎత్తైన మడ్‌గార్డు, సన్నటి నడుము. స్టాండు వేస్తే అచ్చం మిడతలా ఉంటుంది. ప్రతి బుధవారం బాబాయి నడుపుతాడు, మందుల పెట్టె ఒళ్ళో పెట్టుకుని నేను వెనక కూర్చుంటాను. దాచడమెందుకు, ఆ మిడత నాకు తగిన వాహనం కాదు. నేను ఎక్కితే వెనక స్ప్రింగులు కిందికి దిగి మళ్ళీ పైకి వచ్చేవి కావు.

మొదటి బుధవారమే మూడో మలుపులో బండి దగ్గి, ఆగిపోయింది. మలుపు పక్కన ఒక రాళ్ళగోడ, గోడ వెనక చిన్న ఇల్లు, ఇంట్లో ఒంటరిగా ఒక పెద్దమ్మ. ఆవిడ భర్త లారీ డ్రైవరు, పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడకి కాళ్ళు వాస్తున్నాయనీ, వంగి లేస్తే కళ్ళు తిరుగుతున్నాయనీ దారిన పోయేవాళ్ళంతా చూస్తూనే ఉన్నారు. కానీ మందుల పెట్టెతో ఎవరైనా గడప తొక్కితే ఇంతే సంగతులు. నాకు ముందున్న నర్సు నాడి చూడబోతే, "నా చెయ్యి పట్టుకోవడానికి నువ్వు నా మొగుడివా?" అని తరిమిందట.

ఆగిన బండిని చూస్తే మాత్రం ఆవిడ ప్రాణం ఊరుకోదు. చెంబుతో నీళ్ళు పట్టుకుని గోడ దాటి వచ్చేసింది.

"ఏరా గుర్రాలోడా, చచ్చిందా?"

"చావలేదు పెద్దమ్మా, కాస్త ఆయాసపడుతోంది."

"ముప్ఫై ఏళ్ళు లారీతో కాపరం చేసినదాన్ని, నాకు చెప్తావా? గాలి ఎక్కువైంది, పెట్రోలు తక్కువైంది. విప్పు, చూద్దాం."

ఇద్దరూ అరగంట సేపు బండి పక్కన గొంతుక్కూర్చుని తిట్టుకున్నారు. తరవాత అది లక్షణంగా కిక్కుకి లేచింది.

మరుసటి వారానికి బాబాయి సిలిండరుకి బోరు కొట్టించి పెద్ద పిస్టను వేశాడు. మూడో మలుపులో ఆగింది. పాత సామాన్ల కొట్టు వెతికి ఇంతకంటే పెద్ద బండి కార్బురేటరు తెచ్చి బిగించాడు. మూడో మలుపులో ఆగింది. సైలెన్సరు కోయించాడు. ఈసారి మేం కింద బయల్దేరిన సంగతి కొండమీద పిల్లలకి వినబడి, సూదులకి దొరక్కుండా ముందే దాక్కున్నారు. అయినా బండి మూడో మలుపులోనే ఆగింది.

"పర్వాలేదు సిస్టరమ్మా, ఇంకో గుర్రం పడుతుంది," అనేవాడు బాబాయి, ఏమాత్రం దిగులు లేకుండా.

దిగులంతా నాది. తప్పు ఇంజనుది కాదు, నాదేననుకున్నాను. చక్కెర మానేశాను. రాత్రి భోజనం మానేశాను. ఎనిమిది కిలోలు తగ్గాను. బండి మటుకు ఆగుతూనే ఉంది. పైగా రెండో మలుపు వచ్చేసరికి పాపం బాబాయి ఎడమ మోకాలు గోక్కునేవాడు. ఆందోళనకి దురద పుడుతోందేమోనని జాలిపడి పైపూత మందు ఇచ్చాను. రాసుకున్నాడు కూడా.

బండి ఆగినప్పుడల్లా దేవుడి మీద కోపం వచ్చిన మాట నిజం. కానీ ఒక బుధవారం ఆ కోపం కాస్తా దణ్ణంగా మారిపోయింది. ఆ రోజు బండి ఆగగానే బాబాయి గుండె పట్టుకున్నాడు.

"ఈ బండి నా బీపీ పెంచేస్తోంది సిస్టరమ్మా. ఒకసారి పట్టీ కట్టి చూడండి."

గోడమీద కూర్చోబెట్టి కట్టాను. నూట ముప్ఫై.

"ఎంత?" అంది పెద్దమ్మ.

"నూట ముప్ఫై."

"ఇంతేనా? మగాడివి, సిగ్గులేదూ? ఏదీ, నాకు కట్టు పిల్లా!"

చేయి చాపిందావిడ. ఆవిడ మనసు మార్చుకునేలోపు గబగబా పట్టీ చుట్టాను. నూట తొంభై.

"చూశావురా! అరవై గుర్రాలు ఎక్కువ!" అని ఆవిడ గోడమీదే గంతు వేయబోయింది. నా పైప్రాణాలు పైనే పోయాయి.

జీవితంలో ఏనాడూ తక్కువ అనే మాట ఎరగని బాబాయి అప్పుడు గొంతు సవరించుకున్నాడు. "ఇది పవరు కాదు పెద్దమ్మా. ఇంజను వేడి. లారీలో వేడి చూపే ముల్లు ఇంత పైకి పోతే పెదనాన్న ఏం చేసేవాడు?"

"బండి పక్కకి తీసి రేడియేటర్లో నీళ్ళు పోసేవాడు."

"మరి? ఈ ఆటలో ఎవరిది తక్కువైతే వాళ్ళు గెలిచినట్టు. ఇవాళ నేను గెలిచాను."

ఓడిపోవడం ఆవిడ జాతకంలో లేదు. "ఆ మాత్రలేవో ఇలా తగలెయ్యి పిల్లా. వచ్చే బుధవారం వీడి సంగతి చెప్తాను," అంది. వారమంతా రోజుకొకటి వేసుకుంది, ఉప్పు తగ్గించింది. ఆ తరవాత ప్రతి బుధవారం పందెమే. పట్టీ కట్టే ముందు బాబాయి బండి చుట్టూ నాలుగు రౌండ్లు పరుగెత్తి వచ్చేవాడు, కాళ్ళు పట్టేశాయని చెప్పి. రొప్పుతూ కూర్చునేవాడు, ఓడిపోయేవాడు. నెలలు తిరిగేసరికి పెద్దమ్మ నూట నలభైకి దిగింది, కాళ్ళ వాపు తీసింది. బండిని సరిగ్గా ఆ ఇంటి ముందు ఆపుతున్నది ఆ పైవాడేనని నాకు గట్టి నమ్మకం కుదిరింది.

అంతలో డాక్టరుగారు మమ్మల్నిద్దర్నీ పిలిచారు. ఆయన మంచివారే, కానీ కాగితాలంటే భయపడే మనిషి.

"సిస్టర్, ఎనిమిది నెలల బండి పుస్తకంలో ముప్ఫై రెండుసార్లు 'దారిలో ఆగినది' అని ఉంది. పైవాళ్ళు అడుగుతున్నారు. ఈ బండి తిరిగి పంపేద్దాం. మూడు నెలలకోసారి వెనక రోడ్డు మీంచి వ్యాను వెళ్తుంది."

వ్యానొస్తే కొండమీది వాళ్ళు ఎలాగో సర్దుకుంటారు. వెనక రోడ్డులో మాత్రం మూడో మలుపు లేదు. పందెం లేకపోతే పెద్దమ్మ మాత్ర ముట్టదు.

"ఒక్క అవకాశం ఇవ్వండి సార్," అన్నాడు బాబాయి. "వచ్చే బుధవారం మీరే వెనక కూర్చోండి. ఆగకుండా కొండ ఎక్కితే బండి ఉంటుంది, లేకపోతే మీ ఇష్టం."

డాక్టరుగారు సరేనన్నారు. ఆయన బరువులో నాకేమీ తీసిపోరు. నేను వారమంతా దేవుణ్ణి బతిమాలాను: తండ్రీ, ముప్ఫై రెండుసార్లు నీ దయవల్ల ఆగింది, ఈ ఒక్కసారికి నీ దయ తప్పించు. బాబాయి మాత్రం స్పానరు ముట్టుకోలేదు.

"ఏమీ బిగించరా బాబాయ్?"

"ఎందుకమ్మా? చాలు."

ఆ నోటివెంట 'చాలు' అనే మాట విని నాకు జ్వరం వచ్చినంత పనైంది.

బుధవారం పొద్దున్నే, మూడో మలుపు దాకా వచ్చి వెనక్కి తిరిగే పాలవ్యాను ఎక్కి అక్కడ దిగాను. పెద్దమ్మా నేనూ గోడ దగ్గర నిలబడ్డాం. రెండో మలుపులో బండి కనబడింది. ముందు బాబాయి, వెనక డాక్టరుగారు. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి మిడత ముందు చక్రం లేపుకుని, కంకర మా మొహాన కొట్టి, మూడో మలుపు దాటి నాలుగో దానిలోకి దూకుతోంది. డాక్టరుగారు కళ్ళు గట్టిగా మూసుకుని బాబాయిని కావలించుకుని, "చాలు, చాలు! రాసిస్తాను, ఆపండి!" అని అరవడం చాలాసేపు వినబడింది.

"పెద్దమ్మా! ఎక్కేసింది!"

"ఎప్పుడూ ఎక్కుతుంది. ఇవాళ వాడు మోకాలు గోక్కోలేదుగా."

"మోకాలికీ దీనికీ ఏమిటి?"

"నీ మొహం. ఎడమ మోకాలి పక్కన, టాంకు కింద పెట్రోలు ట్యాపు ఉంటుంది. రెండో మలుపులో అది కట్టేస్తే లోపల మిగిలిన పెట్రోలు మూడో మలుపు దాకా వస్తుంది. దమ్ములేక ఆగే ఇంజను మూలుగుతుంది పిల్లా. పెట్రోలందక ఆగేది దగ్గుతుంది. అది ఎనిమిది నెలలుగా దగ్గుతూనే ఉంది."

"అయితే మొదటి రోజే తెలుసా నీకు?"

"తెలియకేం? మొదట్లో ఒక్కసారే వెధవకి గురి తప్పింది. ఒకనాడు నువ్వు సెలవు పెడితే ఒక్కడే వచ్చాడు. కింద, నా గోడ మీంచి కనబడే మామిడి తోట దగ్గరే ఆగిపోయింది. అక్కణ్ణించి ఇక్కడిదాకా నెట్టుకొచ్చి, నా గోడ ముందు నిలబడి, 'అయ్యో, ఇప్పుడే ఆగిపోయింది పెద్దమ్మా' అన్నాడు. అంత కష్టపడి ఆగినవాణ్ణి ఏమని అడుగుతాం?"

సాయంత్రం మందుల కిటికీ దగ్గర బాబాయిని పట్టుకున్నాను.

"ఎంత పని చేశారు బాబాయ్! ఆపుతున్నది దేవుడనుకుని ఎనిమిది నెలలు దణ్ణాలు పెట్టాను."

"పెడితే తప్పేముందమ్మా? ఆయనకి లోకంలో ఎన్ని పనులు! ట్యాపులు కట్టడం కూడా ఆయనే చెయ్యాలా?"

"నా బరువు వల్లే ఆగుతోందని రాత్రి భోజనం మానేశాను. ఎనిమిది కిలోలు తగ్గాను!"

బాబాయి మొహం ఒక్కసారిగా వాడిపోయింది. "ఎనిమిది కిలోలా? అయితే నెలనెలా బండి హుషారు పెరిగింది నా పిస్టను వల్ల కాదా?"

ఆ దెబ్బనుంచి తేరుకోవడానికి ఆయనకి రెండు రోజులు పట్టింది.

డాక్టరుగారు మాట తప్పలేదు. బండి ఎక్కడా ఆగదని పుస్తకంలో రాసి సంతకం పెట్టారు. అక్కడే వచ్చింది చిక్కు. ఇకమీదట అది ఆగిందంటే ఆయన సంతకం అబద్ధమవుతుంది. మరుసటి బుధవారం బాబాయి రెండు చేతులూ హ్యాండిలు మీదే పెట్టి, మోకాలి వంక కూడా చూడకుండా నడిపాడు.

"ఏం చేద్దాం బాబాయ్?"

"ఏం చేస్తాం సిస్టరమ్మా, ఆగడానికి కారణం కావాలిగా. పోనీ, టైరు గాలి..."

మాట పూర్తి కాలేదు. మూడో మలుపులో, దారికి సరిగ్గా నడుమ, నీళ్ళ చెంబు ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి పైకెత్తి పెద్దమ్మ నిలబడి ఉంది. బాబాయి బ్రేకు తొక్కాడు. ఇంజను చక్కగా, నిండుగా మోగుతోంది. దాన్ని ఆపలేక, పోనివ్వలేక ఆయన దొంగలా దిక్కులు చూశాడు.

"బండికేం కాలేదు పెద్దమ్మా. బాగుంది," అన్నాడు నసుగుతూ.

"బాగున్న బండి ఆగకూడదని ఎక్కడైనా రాసుందట్రా?" అంది పెద్దమ్మ.

బాబాయి కాసేపు ఆలోచించాడు. ఎక్కడా రాసిలేదు. తాళం తిప్పి స్టాండు వేశాడు.