గాలికి ఎదురెళ్ళిన టైలరమ్మ

టైలరమ్మ సాధించిన మొదటి విజయం ఇది: థర్మకోల్ రెక్కల రిమోట్ విమానాన్ని మైదానం మీద ఒక చుట్టు తిప్పి, ముక్కు విరగకుండా చక్రాల మీద దించింది. వినడానికి చిన్న పనే. అంతకు ముందు ఆ ముక్కు ఎన్నిసార్లు అతుకు పడిందో ఆమె జిగురు డబ్బాకే తెలియాలి.

ఆమె సామాన్యురాలు కాదు. బడులు తెరిచే నెలలో వీధి పిల్లలందరికీ ఒంటిచేత్తో యూనిఫాంలు కుట్టింది. మిషను మోటారు మొరాయిస్తే తానే విప్పి బిగించింది. భర్త పోయాక ఇద్దరు కూతుళ్ళను ఉద్యోగాల్లో నిలబెట్టింది. ఆ తర్వాతే, తన ముచ్చట కోసం, ఆ విమానం కొనుక్కుంది. అలాంటి మనిషిని నలుగురిలో నవ్వులపాలు చేసింది సొంత అక్క మొగుడే.

బావది వాచీల రిపేరు షాపు. మైదానంలో విమానాలెగరేసే బృందానికి మొనగాడు. మొదటిరోజు ఆమె అతన్నే అడిగింది.

"ఎటు తిప్పి వదలాలి బావా?"

"గాలివాటునే వదులు మరదలా. వెనక నుంచి తోస్తుంది, హాయిగా లేస్తుంది."

నమ్మింది. విమానం నేల వదల్లేదు. పరుగెత్తి పరుగెత్తి ప్రహరీ గోడకు ముక్కు గుద్దుకుంది. బావ పొట్ట పట్టుకుని నవ్వాడు. "గుండీలు కుట్టుకోక నీకెందుకమ్మా ఈ గోల" అన్నాడు. ఆనాటి నుంచి ఆమె పేరు ముక్కుల రాణి.

అసలు సంగతి బృందానికి పెద్ద అయిన డ్రిల్ మాస్టారు చెప్పాడు. "లేపినా దించినా గాలికి ఎదురుగానే అమ్మా. ముందు ఎత్తుకు తీసుకెళ్ళు, తప్పు జరిగినా దిద్దుకునే టైముంటుంది. సూర్యుడికి అడ్డంగా మాత్రం పోనివ్వకు. ఇంతకీ గాలివాటున వదలమని నీకెవరు చెప్పారు?"

ఆమె బావ పేరు చెప్పలేదు. తాను చెబితే తమాషాకన్నానని దులిపేసుకుంటాడు. ఆ మాట అతని నోటి నుంచే, అదే నలుగురి ముందు రావాలి. అది మనసులో పెట్టుకుని రోజూ తన కుట్టు షాపు తెరిచేలోపు మైదానానికి వెళ్ళేది. విమానం తన వైపు వస్తుంటే కుడి ఎడమలు తారుమారవుతాయి. ఏ రెక్క కిందికి ఒరిగితే ఆ వైపే రిమోట్ మీది పుల్ల నెట్టాలని చేతికి అలవాటు చేసుకుంది. చెయ్యి కుదిరింది. కోపం మాత్రం తగ్గలేదు.

పక్క ఊళ్ళో కొన్నాళ్ళ పాటు జరిగే పోటీకి బృందం నుంచి ఒక్కరినే పంపుతారు. ఎవరన్నది తేల్చే ఆదివారం నాటికే బావ బట్టలు సర్దేసుకున్నాడు. అందరూ చూడాలని కొత్త విమానాన్ని ఎండకెదురుగా పైకి లేపాడు. కళ్ళు బైర్లు కమ్మాయి.

"కనబడట్లేదు, ఎవరైనా పట్టుకోండ్రా" అంటూ రిమోట్ పక్కకు చాచాడు. అందుకున్నది టైలరమ్మ.

తూలుతున్న విమానాన్ని నిలబెట్టింది. చక్కగా చుట్లు తిప్పసాగింది.

"దించవే తల్లీ, బ్యాటరీ అయిపోతోంది."

"దించుతాలే బావా. మొదటిరోజు నాకు ఎటు వదలమన్నావో మాస్టారికి చెప్పు."

"ఇప్పుడా ఆ గొడవ?"

"నాకేం తొందర లేదు. విమానం నీది."

రిమోట్ కీచుమంది. బావ మొహం పాలిపోయింది.

"గాలివాటున వదలమన్నాను. తెలిసే చెప్పాను. పడుతుందని తెలిసే చెప్పాను, చాలా?"

టైలరమ్మ విమానాన్ని గాలివాటుకు తిప్పి, బాగా కిందికి తెచ్చి, రిమోట్ అతని చేతిలో పెట్టింది.

"ఇప్పుడు కనబడుతోందిగా. దించుకో. వెనక నుంచి తోస్తుంది, హాయిగా దిగుతుంది."

వెనక్కి తిప్పే బలం బ్యాటరీకి లేదు. చక్రాలు నేలకు తగిలాయి గానీ విమానం ఆగలేదు. ప్రహరీ గోడ దగ్గర టప్పుమని వినిపించింది. టైలరమ్మ అటు చూడను కూడా లేదు. తన విమానాన్ని గాలికి ఎదురుగా పెట్టి లేపింది, రెండు చుట్లు తిప్పి, గాలికి ఎదురుగానే దించింది.

"పోటీకి టైలరమ్మ వెళ్తుంది" అన్నాడు మాస్టారు.

ఆ సాయంత్రం అక్క వచ్చింది. మొగుడు సర్దుకున్న సంచిలోంచి చొక్కాలు గుమ్మరించి, ఖాళీ సంచి చెల్లెలికిచ్చింది.

"పాపమనిపించలేదుటే?"

"లేదక్కా."

"మంచిది. బట్టలు మడతపెట్టు."

కుట్టు షాపు తలుపుకు ఇప్పుడు తాళముంది. కుట్టాల్సిన బట్టలుంటే మీ దగ్గరే ఉంచండి. పోటీ ముగించుకుని టైలరమ్మ వచ్చేది వచ్చే నెల తొమ్మిదో తారీకు, సోమవారం.